కింది అంకె ఎవరు రాస్తారు
(కల్యంపూడి రాధాకృష్ణ రావుగారి స్మృతిలో వేలూరు దగ్గర తిరువలంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ సాయంత్రం నేను మాట్లాడేది ముఖ్యంగా గుడియాత్తం నుంచి, కాట్పాడి నుంచి వచ్చిన డిగ్రీ పిల్లలతోనే. వాళ్ళ వెంట వచ్చిన అమ్మానాన్నల మనసులో ఏముందో నాకు తెలుసు: ఈ బయోస్టాటిస్టిక్స్, అంటే జీవగణాంకశాస్త్రం, చదివితే పిల్లకో పిల్లాడికో ఉద్యోగం వస్తుందా? దానికీ వస్తాను. ముందు, ఎవరిని తలుచుకోవడానికి కూడామో ఆయన సంగతి చెప్పుకోవాలి.

రావుగారు 1920 సెప్టెంబరు 10న హడగలిలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి జిల్లా, ఇప్పుడు కర్ణాటక. ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష అంటే ఎలా ఉంటుందో తిరువలంలో కూర్చున్న మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తండ్రిది పోలీసు ఉద్యోగం కాబట్టి బదిలీలు తప్పలేదు. గూడూరు, నూజివీడు, నందిగామ అంటూ బడులు మారి, చివరికి విశాఖపట్నం చేరారు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మగారి గురించి ఆయన తన పుస్తకంలో కృతజ్ఞతగా రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. మొదటి తరగతిలో పాసయ్యారు. అయినా ఉద్యోగం లేదు. యుద్ధకాలం కదా, సైన్యంలో గణితం వచ్చినవాళ్ళు కావాలంటే ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్ళారు. ఆ పని రాలేదు. బస చేసిన చోట పరిచయమైన మనిషి ఒకడు, మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు వచ్చానని చెప్పాడు. రావుగారు 1941 జనవరిలో అక్కడ చేరారు. ఈ శాస్త్రంలోకి ఆయన ఉద్యోగం దొరక్క వచ్చారన్నమాట. అమ్మానాన్నలు ఈ ముక్క గుర్తుపెట్టుకోవచ్చు.

నాలుగేళ్ళు తిరిగేసరికి, 1945లో, ఆయన ప్రచురించిన ఒక్క వ్యాసంలోంచి రెండు ఫలితాలు ప్రపంచంలోని ప్రతి స్టాటిస్టిక్స్ పాఠ్యపుస్తకంలోకి ఎక్కాయి: క్రామెర్–రావు హద్దు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం. మొదటిదాన్ని మామూలు మాటల్లో చెప్పాలంటే, ఉన్న సమాచారంతో ఒక అంచనాను ఎంత కచ్చితంగా వేయగలమో దానికో హద్దుంది, ఎంత తెలివైనవాడైనా దాన్ని దాటలేడు. 1946లో కేంబ్రిడ్జి వెళ్ళారు. వెళ్ళిన పని వింటే ఆశ్చర్యపోతారు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన పాత అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం. పగలు మ్యూజియంలో ఎముకలు, ఆ పక్కనే ఆర్.ఎ. ఫిషర్ దగ్గర పరిశోధన. 1948లో పీహెచ్‌డీ వచ్చింది, అదే ఏడు స్కోర్ పరీక్ష అనే పద్ధతినీ ప్రకటించారు. ఇవాళ ఏ క్యాన్సర్ ఆస్పత్రిలోనైనా రెండు చికిత్సల్లో దేనితో రోగులు ఎక్కువకాలం బతికారో తేల్చడానికి వాడే లాగ్-ర్యాంక్ పరీక్ష, లెక్క విప్పి చూస్తే, ఆ కుటుంబానిదే. రావుగారు తనను బయోస్టాటిస్టిషియన్ అని పిలుచుకోలేదు. ఆయన లేకుండా మా పని మాత్రం ఒక్కరోజు గడవదు. 2023 ఆగస్టు 22న అమెరికాలోని బఫలోలో కన్నుమూసేనాటికి ఆయనకు 102 ఏళ్ళు. అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చిందీ ఆ ఏడే.

రావుగారిది సూత్రాల పని. నేను చెప్పబోయేది ఆ సూత్రాల్లోకి వెళ్ళే అంకెల గురించి, అందులోనూ భిన్నంలో గీత కింద ఉండే అంకె గురించి. లవం, హారం అని ఐదో తరగతిలో చదివాం. వైద్యంలో లవం దానంతట అదే ఆస్పత్రికి నడిచి వస్తుంది. హారం రాదు, మనమే వెతుక్కుంటూ వెళ్ళాలి. జీవగణాంకశాస్త్రం మీద నాకున్న అభిప్రాయమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది. మిగిలింది ఉదాహరణలు.

రెండు అంకెలు చెబుతాను: 71, 76. హైదరాబాదు భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావ్యాక్ టీకాను ఢిల్లీలో, పుణె దగ్గర, మన రాయవేలూరులో పసిపిల్లల మీద పరీక్షించారు. మొత్తం 6,799 మంది శిశువులు. 2014లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. టీకా చుక్కలు వేసిన పిల్లల్లో తీవ్రమైన రోటావైరస్ విరేచనాల కేసులు 71. టీకా లేని ఉత్త ద్రవం చుక్కలు వేసిన పిల్లల్లో 76. ఇక్కడితో ఆపి ఇంటికి వెళ్ళిపోతే ఏమనుకుంటారు? ఐదు కేసుల తేడాకా ఇంత హడావిడి అని.

ఇప్పుడు కింది అంకె చూద్దాం. ఆ పరీక్షలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి టీకా, ఒకరికి ఉత్త ద్రవం వచ్చేలా చీటీ వేశారు. పిల్లలందరినీ ఒకే కాలం గమనించడం కుదరదు. ఒక తల్లి పుట్టింటికి వెళ్ళిపోతుంది, ఒక కుటుంబం ఊరు మారుతుంది. అందుకని పిల్లల్ని కాకుండా, పిల్లల్ని గమనించిన కాలాన్ని లెక్కపెడతారు. ఒక బిడ్డను ఏడాది చూస్తే ఒక వ్యక్తి-సంవత్సరం, ఆరు నెలలకే వెళ్ళిపోతే అర. టీకా వైపు అలా పోగైన కాలం 4,752 వ్యక్తి-సంవత్సరాలు, రెండోవైపు 2,360. ఇక భాగించండి. నూరు వ్యక్తి-సంవత్సరాలకు అటు ఒకటిన్నర కేసు, ఇటు 3.2. తీవ్రమైన జబ్బు సగానికి పైగా తగ్గింది. టీకా సామర్థ్యం 53.6 శాతం.

53.6 అంటే మార్కుల జాబితాలో సెకండ్ క్లాసే, నిజమే. పైగా ఆ అంకె ఒంటరిది కాదు. అసలు విలువ 35కీ 67కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చన్న హద్దులు దానికి అటూ ఇటూ ఉన్నాయి. రావుగారి హద్దు ఇలాంటి చోటే మనకు ఎదురవుతుంది: ఇంతమంది పిల్లలతో ఇంతకన్నా కచ్చితంగా చెప్పలేం. పేపరువాళ్ళకు ఆ హద్దులు నచ్చవు, శీర్షికలో ఇమడవు. కానీ ఏటా వేలమంది పసివాళ్ళను పొట్టనపెట్టుకునే జబ్బును సగం తగ్గించడమంటే ఏమిటో ఏ ఆరోగ్య కార్యదర్శికైనా అర్థమవుతుంది. 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలో రోటా చుక్కలు మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చిత్తూరు జిల్లాలో ఆ చుక్కలు నోట్లో పడిన పిల్లవాడికి, వేలూరు వీధుల్లో ఎవరో ఎవరి బిడ్డనో ఎన్నాళ్ళు గమనించారో తెలియదు. తెలియక్కర్లేదు కూడా.

ఇక మన ఊళ్ళకే వద్దాం. ఇక్కడినుంచి గుడియాత్తం దారిలో కె.వి. కుప్పం ఉంది. మీలో కొందరిది ఆ పక్క పల్లెలే. 1969 నుంచి 1973 దాకా వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సి.ఎం.సి.) వాళ్ళు ఆ పట్నంలోనూ, కె.వి. కుప్పం బ్లాకు పల్లెల్లోనూ ఇల్లిల్లూ తిరిగి 20,626 మంది పెళ్ళయిన ఆడవాళ్ళ పేర్లు రాసుకున్నారు. ఎవరు గర్భవతి అయ్యారు, ఎవరికి కాన్పయింది అని వెంట ఉండి చూశారు. ఆ కాలంలో కవలలు కాక ఒక్కొక్కరుగా, ప్రాణంతో పుట్టిన బిడ్డలు 10,670 మంది. బరువు, పొడవు కొలిచారు. పసితనంలో, బడి వయసులో, ఎదిగే వయసులో మళ్ళీ కొలిచారు. ఇలా ఒక కాలంలో పుట్టినవాళ్ళ గుంపును ఏళ్ళ తరబడి వెంబడించే అధ్యయనాన్ని కోహార్ట్ అంటారు. ఆనాడు సి.ఎం.సి. బయోస్టాటిస్టిక్స్ విభాగంలో ఉన్న పి.ఎస్.ఎస్. సుందర్ రావుగారి పేరు, జె. రిచర్డ్‌గారి పేరు ఈ పనితో ముడిపడి ఉన్నాయి. ఆ ఇద్దరూ కలిసి రాసిన బయోస్టాటిస్టిక్స్ పరిచయ పుస్తకం వైద్య విద్యార్థులకు చాలామందికి తెలుసు.

సుమారు పాతికేళ్ళ తరవాత, 1998కీ 2002కీ మధ్య, ఆ పిల్లల్ని మళ్ళీ వెతికారు. అప్పటికి వాళ్ళు 26 నుంచి 32 ఏళ్ళ పెద్దవాళ్ళు. పుట్టినప్పటి కొలతలకూ ఇప్పటి మధుమేహానికీ సంబంధం ఉందా అన్నది ప్రశ్న. పసితనంలో సన్నగా ఉండి, తరవాత ఒళ్ళు చేసినవాళ్ళలో చక్కెర ఇబ్బంది ఎక్కువని తేలింది. ఇది మన ప్రాంతానికి ఎంత ముఖ్యమో వేరే చెప్పను, ఈ హాల్లోనే భోజనానికి ముందు మాత్ర వేసుకునేవాళ్ళు ఎందరున్నారో చూసుకోండి. నేను మరో అంకె దగ్గర ఆగుతాను. పరీక్ష చేయించుకున్నవాళ్ళు 2,218 మంది. పుట్టినవాళ్ళు 10,670. అంటే ఐదుగురిలో ఒకరు.

మిగతా నలుగురు ఏమయ్యారు? కొందరు పోయారు. ఆడపిల్లలు పెళ్ళిళ్ళయి వేరే ఊళ్ళకు వెళ్ళారు, మన ఊళ్ళనుంచైతే పలమనేరుకో కుప్పానికో చిత్తూరుకో. మగవాళ్ళు పనులకు మద్రాసు, బెంగళూరు పోయారు. పుట్టినప్పుడు రాసుకున్న పేరు ఒకటి, బడిలో పేరు మరొకటి. ఆ అధ్యయనాన్ని తక్కువ చేయడానికి చెప్పడం లేదు. మన దేశంలో పాతికేళ్ళ తరవాత రెండువేల పైచిలుకు మందిని తిరిగి పట్టుకోవడమంటే పెద్ద పనే. కానీ బయోస్టాటిస్టిషియన్ అనేవాడు మొదట అడగాల్సింది ఇదే. దొరికినవాళ్ళూ దొరకనివాళ్ళూ ఒకే తీరువాళ్ళా? పుట్టినప్పటి బరువు మన దగ్గర చాలామందిది ఉంది కనుక ఆ మేరకు పోల్చి చూడొచ్చు. ఇప్పటి చక్కెర సంగతి దొరకనివాళ్ళది లేదు. అక్కడే చిక్కు.

గుడియాత్తం తాలూకాకు ఇంకో చరిత్ర కూడా ఉంది. ఆ ఊరివాళ్ళలోనే చాలామందికి తెలియదు. 1955లో మొదలైన కరిగిరి కుష్ఠు కేంద్రం ఆ తాలూకాలో ఏళ్ళ తరబడి కుష్ఠు నివారణ పని చేసింది. 1970లలో, గుడియాత్తం తాలూకాలో కొత్తగా ఎంతమందికి కుష్ఠు వస్తోంది, ఒక ఇంట్లో ఒకరికుంటే మిగతావాళ్ళకు ఎంత ప్రమాదం అన్న వ్యాసాలు వైద్య పత్రికల్లో వచ్చాయి. అంతర్జాతీయ కుష్ఠు పత్రికలో గుడియాత్తం పేరు! లుంగీలకు, అగ్గిపెట్టెలకు పేరుపడ్డ ఊరు. కుష్ఠు బయటపడటానికి ఏళ్ళు పడుతుంది. కొత్త కేసు అని చెప్పాలంటే అదే మనిషిని ముందోసారి చూసి, మచ్చ లేదని రాసుకొని ఉండాలి. జబ్బు లేనివాళ్ళ ఒళ్ళు కూడా వెతికి చూడాలి. జబ్బున్నవాడు దాక్కుంటాడు, జబ్బు లేనివాడు నాకేంటని విసుక్కుంటాడు. ఇద్దరినీ ఒప్పించి రిజిస్టరులో ఎక్కించినవాడు ఫీల్డ్ వర్కర్. ఆ వ్యాసాల్లోని ప్రతి రేటుకూ కింద ఉన్న అంకె అతను కాళ్ళరిగేలా తిరిగి రాసింది. సుందర్ రావుగారు తరవాతికాలంలో కరిగిరికే డైరెక్టరయ్యారు.

ఇప్పుడు సి.ఎం.సి. ఆస్పత్రి వైపు చూడండి. కాట్పాడి స్టేషన్లో రైలు దిగేవాళ్ళ మాటల్లో సగం బెంగాలీలో వినిపిస్తాయి. ఆస్పత్రి చుట్టూ లాడ్జీల బోర్డులూ బెంగాలీలోనే. జార్ఖండ్ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి, మన చిత్తూరు, తిరుపతి వైపు నుంచి కూడా రోగులు వస్తారు. అంత పెద్ద ఆస్పత్రి రికార్డుల్లో ఒక అరుదైన జబ్బు కేసులు ఎన్నున్నాయో చెప్పగలం. ఆ జబ్బు ఎంతమందిలో ఒకరికి వస్తుందో చెప్పలేం. ఎందుకంటే వాళ్ళు ఏ జనాభాలోంచి వచ్చారో దానికి గీత లేదు. గౌహతి మనిషి వచ్చాడు, గౌహతిలో ఆ జబ్బుతోనే ఇంట్లో ఉండిపోయినవాడు రాలేదు. ఇప్పుడు ఆస్పత్రుల రికార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కి, లక్షల కేసులతో కృత్రిమ మేధ వ్యాసాలు వస్తున్నాయి. నాకు వాటిమీద ద్వేషం లేదు. కానీ పది లక్షల లవానికి హారం లేకపోతే, అది పది లక్షల కథలే.

ఇంకొక్క పాత సంగతి, క్లుప్తంగా. మదనపల్లె ఆరోగ్యవరం శానటోరియం మనవాళ్ళందరికీ తెలుసు. క్షయరోగిని ఇంటికి దూరంగా, మంచిగాలిలో, మంచి తిండితో ఉంచాలన్నది ఆనాటి నమ్మకం. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా కేంద్రం మొదలైంది. 193 మంది రోగులను ఎవరి ఇష్టం ప్రకారమూ కాకుండా చీటీ ప్రకారం, కొందరిని శానటోరియానికి, కొందరిని వాళ్ళ ఇళ్ళకే పంపి ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇరుకిళ్ళలో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్ళకూ దాదాపు అంతే నయమైంది. ఇంట్లోవాళ్ళకు ప్రమాదమూ పెరగలేదు. ప్రపంచమంతా క్షయ వైద్యం ఇంటిబాట పట్టడానికి ఆ చీటీలు కారణం. చీటీలు రాసి కవర్లలో పెట్టి, డాక్టరు ముందే చూడకుండా అతికించడం గుమాస్తా పనిలా కనిపిస్తుంది. అసలు శాస్త్రమంతా ఆ అతికింపులోనే ఉంది.

సరే, చదువు. ప్లస్ టూలో గణితం వదిలేసినవాళ్ళకు ఈ దారి ఇరుకు, ఆ మాట ముందే చెప్పడం మంచిది. బి.ఎస్సీ.లో గణితమో స్టాటిస్టిక్సో ఉండాలి. తరవాత రెండు దారులు. ఒకటి ఉత్త స్టాటిస్టిక్స్ ఎం.ఎస్సీ., దగ్గర్లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, మద్రాసు విశ్వవిద్యాలయం ఉన్నాయి. రెండోది బయోస్టాటిస్టిక్స్ ఎం.ఎస్సీ., సి.ఎం.సి.లో, పుదుచ్చేరి జిప్‌మర్‌లో, బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఉంది. ఏది మంచిదని అడుగుతారు. సిద్ధాంతం గట్టిగా రావాలంటే మొదటిది, రోగం పక్కన కూర్చొని నేర్చుకోవాలంటే రెండోది. నన్నడిగితే రెండోదానికి ఓటేస్తాను, సంభావ్యతా సిద్ధాంతాన్ని సొంతంగా గట్టిపరుచుకుంటామన్న షరతుమీద. రిగ్రెషన్, లాజిస్టిక్, సర్వైవల్ విశ్లేషణ, ఒకే మనిషిని పదేపదే కొలిచిన డేటాను లెక్కించే పద్ధతులు, క్లినికల్ ట్రయల్ రూపకల్పన ఇవన్నీ ఎక్కడైనా ఉంటాయి. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇవాళ రాత్రే మొదలుపెట్టొచ్చు.

అమెరికా మాట రాకుండా తెలుగు సభ ముగియదు కదా. అక్కడ మాస్టర్స్ రెండేళ్ళు, ఖర్చు ఎక్కువగా మనదే, అంటే అప్పే. పీహెచ్‌డీ నాలుగైదేళ్ళు, దానికి చాలాచోట్ల ఫీజు మాఫీతోపాటు నెలనెలా భత్యం ఇస్తారు. కాబట్టి లెక్కలు గట్టిగా వచ్చిన పిల్లలు మాస్టర్స్‌కని ఇల్లు తాకట్టు పెట్టేముందు నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టిచూడాలి. అక్కడి విభాగాలు చూసేది బహుచర కలనం, లీనియర్ ఆల్జీబ్రా, వీలైతే రియల్ అనాలిసిస్. బయాలజీ మార్కులు కాదు.

ఉద్యోగాల్లో పెద్ద వాటా ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో ఉంది. మందుల కంపెనీలకు ట్రయల్ డేటా శుభ్రం చేసి, అమెరికా నియంత్రణ సంస్థ అడిగిన రూపంలో పట్టికలు తయారుచేసే పని. అమీర్‌పేటలో సాస్ అనే సాఫ్ట్‌వేర్ నేర్పే మూడు నెలల కోర్సుల బోర్డులు చూసే ఉంటారు. అవి తయారుచేసేది స్టాటిస్టికల్ ప్రోగ్రామర్లను. గౌరవమైన పనే, జీతమూ బాగుంటుంది. కానీ ఏ పట్టిక వేయాలో నిర్ణయించేవాడు వేరే, వేసేవాడు వేరే. నిర్ణయించే కుర్చీకి వెళ్ళాలంటే ఎం.ఎస్సీ. కావాలి, చాలాచోట్ల పీహెచ్‌డీ కావాలి. మూడు నెలల్లో రాదు. ఇంకొక చోటు వైద్య కళాశాల. కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో స్టాటిస్టిషియన్ పోస్టు ఉంటుంది. జీతం కంపెనీలంత ఉండదు. ఎం.డి. విద్యార్థులు థీసిస్ సమర్పించడానికి వారం ముందు ఫైలు పట్టుకొని వచ్చి, సార్, పీ విలువ వేసివ్వండి అంటారు. ఫిషర్ 1938లో కలకత్తా వచ్చినప్పుడు దీని గురించే వాపోయారు, ప్రయోగం అయిపోయాక పిలిస్తే తాను చేయగలిగేది శవపరీక్ష అన్న అర్థం వచ్చేలా. ఇన్నేళ్ళయినా ఆ వరుస అలాగే ఉంది. అయినా ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఉన్న అవకాశం కంపెనీవాడికి లేదు. మొదటి ఏడాదిలోనే ఆ విద్యార్థిని పిలిచి, నీ రోగులు ఏ ఊళ్ళవాళ్ళు, ఎవరు రాలేదు అని అడగొచ్చు.

ఈ ప్రాంతం బయోస్టాటిస్టిషియన్లను బాగానే తయారుచేస్తోంది. వాళ్ళు వెళ్ళేది మాత్రం అంకెలు సిద్ధంగా వచ్చే చోటికి. అంకెలు పుట్టే చోట వాళ్ళు తగ్గుతున్నారు. ఇప్పుడు ఇంటింటి సర్వే కూడా టాబ్లెట్లో జరుగుతోంది, ఫోన్ నంబరు తీసుకుంటున్నారు. మేలే. కానీ మన పల్లెల పిల్లలు శ్రీపెరుంబుదూరు, హోసూరు ఫ్యాక్టరీలకు వెళ్ళి సిమ్ మార్చేస్తారు. దొరకనివాళ్ళ లెక్కను దొరికినవాళ్ళతో పూరించే పద్ధతులు ఇవాళ చాలా ఉన్నాయి, చాలా అందమైనవి కూడా. వాటన్నిటికీ ఒక ఊహ ఆధారం: మన దగ్గరున్న వివరాల్లో సరిపోలేవాళ్ళు, లేని వివరంలోనూ సుమారుగా సరిపోలుతారని. ఆ ఊహ నిజమా కాదా అన్నది ఆ డేటాలో ఎంత తవ్వినా దొరకదు. తప్పిపోయినవాళ్ళలో కొందరినైనా చీటీ వేసి ఎంచుకొని, బస్సెక్కి వెళ్ళి పట్టుకొని చూడాలి. ఎం.ఎస్సీ. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు మీ గైడు, ఇంటర్నెట్‌లో ఏదైనా డేటా దించుకొని చేసెయ్ అంటే, ఇది చేస్తానని అడిగి చూడండి. ఇరవై మందిని వెతికినా చాలు. తెలుగూ తమిళమూ రెండూ వచ్చినవాళ్ళకు చిత్తూరు అవతలా, గుడియాత్తం అవతలా తలుపు తట్టడం సులువు.